అమ్మానాన్నలతో, చిన్నపాపతో ఉటా-అరిజోనా ఎడారి పార్కులు: ఏ నెల, ఏ రూటు, ఏం వదిలేయాలి

ముందు మీ ప్లాన్ నా మాటల్లో ఒకసారి చెప్తాను. డాలస్ నుంచి వేగాస్‌కి ఫ్లైట్, అక్కడ ఎస్‌యూవీ రెంట్‌కి తీసుకుని జులై 4 వారంలో 8 రోజులు తిరగాలనుకుంటున్నారు. గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఉన్నారు, ఇద్దరికీ 65 దాటింది, అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, నాన్నగారికి బీపీ, 4 ఏళ్ల పాప, అందరూ వెజిటేరియన్లే. లిస్టులో డెత్ వ్యాలీ, జాయన్, బ్రైస్, క్యాపిటల్ రీఫ్, ఆర్చెస్, క్యానియన్‌ల్యాండ్స్, మాన్యుమెంట్ వ్యాలీ, యాంటిలోప్, గ్రాండ్ క్యానియన్ అన్నీ ఉన్నాయి. పేరెంట్స్ నవంబర్‌లో వెనక్కి వెళ్తారన్నారు. ఇదంతా అవుతుందా, ఏ వరసలో వెళ్లాలి అని అడిగారు.

అవడానికి అవుతుందండీ, కారు తిరిగేస్తుంది. కాకపోతే పెద్దవాళ్లు వెనక సీట్లో కూర్చుని ఏసీలోంచి కొండలు చూడటం, పాప ఏడవటం, మీరు రోజుకి ఐదారు గంటలు స్టీరింగ్ పట్టుకోవటం, ఇదే ట్రిప్ అవుతుంది. ఎడారిలో ప్లాన్ మైళ్లని బట్టి వేయకూడదు, ఎండని బట్టి వేయాలి. పొద్దున తెల్లారగట్ల నుంచి 10, 10:30 దాకా మీది, సాయంత్రం 5 నుంచి చీకటి పడేదాకా మీది, మధ్యలోది ఎండది. ఇది ఒప్పుకుంటే సగం సమస్యలు వాటంతటవే పోతాయి, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

నెల సంగతి. పాపకి ఇంకా స్కూల్ లేదు, పేరెంట్స్ నవంబర్ దాకా ఉంటారు, అలాంటప్పుడు జులై ఎందుకండీ? లాంగ్ వీకెండ్ కలిసొస్తుందనే కదా. సెప్టెంబర్ ఆఖరు నుంచి అక్టోబర్ రెండో వారం లోపల పెట్టుకోండి. జులైలో జాయన్ లోయలో 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటడం మామూలు విషయం. డెత్ వ్యాలీ అయితే అడగనే అక్కర్లేదు, 1913 జులై 10న ఫర్నెస్ క్రీక్‌లో 134 డిగ్రీలు, అంటే మన లెక్కలో 56.7 సెల్సియస్ రికార్డయింది, ఇప్పటికీ ప్రపంచ రికార్డుగా చెప్పేది దాన్నే. అక్కడ రాత్రిళ్లు కూడా చల్లబడదు. దానికి తోడు జులై నుంచి సెప్టెంబర్ దాకా ఈ ఏరియా అంతా మాన్సూన్ సీజన్, దాని గురించి కింద చెప్తా.

"మా గుంటూరు ఎండలకంటేనా" అని నాన్నగారు తప్పకుండా అంటారు, ఏ ఇంట్లో నాన్నగారైనా అంటారు. రోహిణి కార్తె ఎండలు చూసినవాళ్లు, వాళ్ల మాట తీసిపారేయలేం. కానీ తేడా ఎక్కడుందో వాళ్లకి అర్థమయ్యేలా చెప్పండి. గుంటూరులో ఎండలో పది నిమిషాలు నడిస్తే చొక్కా వీపుకి అంటుకుపోతుంది, చెమట కనపడుతుంది, మనిషి తనంతట తానే నీడకి వెళ్లి మంచినీళ్లు అడుగుతాడు. ఇక్కడ గాల్లో తేమే లేదు, చెమట పట్టింది పట్టినట్టు ఆరిపోతుంది, చొక్కా పొడిగానే ఉంటుంది, నాకేం చెమటే పట్టలేదు అనుకుంటారు, కానీ ఒంట్లో నీళ్లు పోతూనే ఉంటాయి. కాసేపయ్యాక కణతల దగ్గర, మెడ మీద చేత్తో రాస్తే సన్నగా ఉప్పు గరగరలాడుతుంది చూడండి, అదీ గుర్తు. అప్పటికే తలనొప్పి మొదలై ఉంటుంది. వయసు మీద పడినవాళ్లకి దాహం కూడా సరిగ్గా తెలియదు. బీపీ మందుల్లో నీళ్ల మాత్ర (ఒంట్లో నీళ్లని మూత్రంలో బయటికి పంపేది) లాంటిది ఉంటే ఇంకా జాగ్రత్త, బయల్దేరే ముందే డాక్టర్‌తో ఒకసారి మాట్లాడించండి.

ఇంకో మాట, మన ఇళ్లల్లో పెద్ద ఆడవాళ్లు ప్రయాణంలో నీళ్లు తాగరు. బాత్రూమ్ దొరకదేమోనని భయం, ఇండియాలో పడ్డ ఇబ్బందులు అలాంటివి మరి. అమ్మగారికి ముందే చెప్పండి, ఈ పార్కుల్లో పెద్ద వ్యూపాయింట్లు, ట్రెయిల్ మొదలయ్యే చోట్లు చాలావాటి దగ్గర టాయిలెట్ ఉంటుంది అని. చాలాచోట్ల అది గుంట టాయిలెట్, నీళ్లు రావు, టిష్యూలు, శానిటైజర్, ఒక చిన్న నీళ్ల సీసా బ్యాగులో పెట్టి ఇస్తే ఆవిడ ధైర్యంగా ఉంటారు. ఈ ఒక్క విషయం తేల్చకుండా "అత్తయ్యా నీళ్లు తాగండి" అని మీ ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా తాగరు.

నీళ్లు మనిషికి రోజుకి ఒక గ్యాలన్, అంటే దాదాపు 4 లీటర్లు లెక్కేసుకుని కార్లో పెట్టుకోండి, వేగాస్‌లో దిగగానే ఏదో ఒక పెద్ద స్టోర్‌లో కొనేయండి, విజిటర్ సెంటర్ల దగ్గర బాటిల్స్ నింపుకునే కుళాయిలు ఉంటాయి. ఉత్త నీళ్లే తాగితే సరిపోదు, ఉప్పు కూడా పోవాలి లోపలికి. ఇండియా నుంచి తెచ్చుకున్న ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉంటే మంచిదే, లేదంటే ఉప్పేసిన పల్చటి మజ్జిగ ఫ్లాస్కులో పోసుకోండి, పెద్దవాళ్లు ఇష్టంగా తాగేది అదే.

ఇప్పుడు రూటు. 8 రోజుల్లో మీ లిస్టులో సగమే పడుతుంది. మోఆబ్ వైపు మొత్తం (ఆర్చెస్, క్యానియన్‌ల్యాండ్స్), క్యాపిటల్ రీఫ్, మాన్యుమెంట్ వ్యాలీ, డెత్ వ్యాలీ తీసేయండి. మనసొప్పదని తెలుసు, ఆర్చెస్ నాక్కూడా చాలా ఇష్టం, కానీ అటు వెళ్తే డ్రైవింగే రెండు రోజులు తినేస్తుంది. మిగిలింది: స్ప్రింగ్‌డేల్‌లో 2 రాత్రులు జాయన్ కోసం, బ్రైస్ దగ్గర 2 రాత్రులు, యాంటిలోప్ పక్కనున్న పేజ్ ఊళ్లో 1, గ్రాండ్ క్యానియన్ సౌత్ రిమ్‌లో 2, ఆఖరి రోజు వేగాస్. ఒక్కో చోట రెండు రాత్రులు ఉంటే మధ్యాహ్నం రూముకొచ్చి పడుకోవచ్చు, రోజూ సూట్‌కేసులు ఎక్కించి దించే పని తప్పుతుంది. పాప నిద్ర, పెద్దవాళ్ల కునుకు రెండూ కుదురుతాయి, సాయంత్రానికి అందరూ మళ్లీ ఫ్రెష్‌గా ఉంటారు.

వేగాస్ నుంచి స్ప్రింగ్‌డేల్ 160 మైళ్లు, రెండున్నర మూడు గంటలు, కాకపోతే ఉటాలోకి రాగానే గడియారం ఒక గంట ముందుకి జరుగుతుంది, హోటల్ చెక్-ఇన్, డిన్నర్ లెక్కలు దాన్ని బట్టి చూసుకోండి. జాయన్‌లో సీజన్‌లో లోయ లోపలి రోడ్డు మీదకి సొంత కార్లు వెళ్లనివ్వరు, ఫ్రీ షటిల్ బస్సుల్లో వెళ్లాలి. మీ ఫ్యామిలీకి ఇది నిజంగా వరం, అమ్మగారు నడవక్కర్లేదు, ఏ స్టాప్‌లో దిగాలనిపిస్తే అక్కడ దిగి, కూర్చుని, మళ్లీ బస్సెక్కొచ్చు. పొద్దున్నే మొదటి బస్సులకే వెళ్లండి, 9 దాటితే క్యూ పెరిగిపోతుంది. ఆఖరి స్టాప్‌లో దిగితే రివర్‌సైడ్ వాక్ అని నది పక్కనే సిమెంట్ బాట, పోనురాను 2 మైళ్లు పైచిలుకు, మొత్తం నడవక్కర్లేదు, మొదటి పావు మైలులోనే నది, చెట్లు, రెండు పక్కలా నిటారుగా లేచిన ఎర్రటి గోడలు, అన్నీ కనపడతాయి. మీరు, మీ ఆవిడ వంతులేసుకుని ఆ బాట చివరిదాకా వెళ్లి నది నీళ్లలో కాసేపు నడిచి రావచ్చు, నది నీళ్లలోనే నడుచుకుంటూ వెళ్లే ఇరుకు లోయ నారోస్ అక్కడి నుంచే మొదలవుతుంది. గొలుసులు పట్టుకుని కొండ అంచు మీద ఎక్కే ఏంజెల్స్ ల్యాండింగ్ ట్రెయిల్‌కి 2022 ఏప్రిల్ నుంచి లాటరీలో పర్మిట్ తీసుకోవాలి, ఈ ట్రిప్‌కి అది అవసరం లేదు, చిన్నపిల్లలున్న ఫ్యామిలీతో వెళ్లే చోటు కాదు. బడ్జెట్ ఉంటే, దొరికితే, పార్క్ లోపలున్న జాయన్ లాడ్జ్ బుక్ చేయండి, ఆ రూమ్ ఉన్నవాళ్లకి లాడ్జ్ దాకా సొంత కారు తీసుకెళ్లే పర్మిట్ ఇస్తారు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఇంతకంటే సుఖం లేదు.

జాయన్ నుంచి బ్రైస్‌కి తూర్పు వైపు నుంచి వెళ్లండి, 1930లో పూర్తయిన ఒక మైలు పైగా ఉండే సొరంగం గుండా వెళ్తుంది ఆ రోడ్డు, సొరంగంలోంచి బయటపడ్డాక కొండల రంగూ రూపూ రెండూ మారిపోతాయి. కెమెరా ముందు సీట్లో ఉన్నవాళ్ల చేతిలో పెట్టండి. బ్రైస్ రెండు గంటల దూరం.

మీ లిస్టు మొత్తంలో పెద్దవాళ్లకి సరిగ్గా సరిపోయే పార్క్ ఏదంటే నేను బ్రైస్ అనే చెప్తాను. మిగతాచోట్ల కింద నిలబడి తలెత్తి చూడాలి, ఇక్కడ అంచు మీద బెంచీలో కూర్చుని కిందకి చూస్తే చాలు. సన్‌రైజ్ పాయింట్ నుంచి సన్‌సెట్ పాయింట్ దాకా అర మైలు చదునైన బాట, దారిలో కూర్చోడానికి బెంచీలు. పొద్దు పొడిచే టైమ్‌కి అక్కడ ఉండండి, వెలుగు ఆ రాతి స్తంభాల మీద వెనకనుంచి పడినప్పుడు రాయి లోపల దీపం పెట్టినట్టు నారింజ రంగులో మెరుస్తుంది, గంట తర్వాత ఎండెక్కాక అదే చోటు మామూలుగా అయిపోతుంది, ఫొటోల్లో కూడా రాదు. ఈ స్తంభాల్ని హూడూలు అంటారు. ఇక్కడ ఏడాదిలో దాదాపు 200 రోజులు, పగలు మంచు కరిగేంత వెచ్చగా, రాత్రి నీళ్లు గడ్డకట్టేంత చల్లగా ఉంటుంది. రాతి పగుళ్లలోకి దిగిన నీళ్లు రాత్రి గడ్డకట్టి ఉబ్బుతాయి, పగలు కరిగి ఇంకాస్త లోపలికి దిగుతాయి, అలా చీలుస్తూ చీలుస్తూ గోడల్ని కిటికీలుగా, కిటికీల్ని స్తంభాలుగా చేసేస్తాయి. అంచు దగ్గర నిలబడి చూస్తే గోడ, కిటికీ, స్తంభం, కూలిపోయిన మట్టికుప్ప, నాలుగు దశలూ పక్కపక్కనే కనపడతాయి, పాపకి కూడా చూపించి చెప్పొచ్చు.

అదే 200 రోజుల లెక్క మీ బట్టలకి కూడా వర్తిస్తుంది. బ్రైస్ అంచు 8,000 అడుగుల పైన ఉంటుంది. అక్టోబర్ మొదట్లో పగలు హాఫ్ హ్యాండ్స్‌తో తిరిగిన చోటే రాత్రికి గడ్డకట్టే చలి. స్వెటర్లు, శాలువా, నాన్నగారి మంకీ క్యాప్ అన్నీ పెట్టుకోండి. ఎడారి అంటే ఎండే అనుకుని కాటన్ బట్టలతో వచ్చి వణికేవాళ్లని ప్రతిసారీ చూస్తుంటాను. అంత ఎత్తులో కొంచెం నడిస్తేనే ఆయాసం వస్తుంది, భయపడొద్దు, మెల్లగా నడిపించండి. రాత్రి చలికి భయపడకుండా ఒక్క అరగంట బయటికి తీసుకురండి, చంద్రుడు లేని రోజైతే పాలపుంత ఈ చివర నుంచి ఆ చివరకి కనిపిస్తుంది, ఊళ్లో డాబా మీద పడుకుని చూసిన ఆకాశం ఇన్నేళ్లకి మళ్లీ చూశాం అని పెద్దవాళ్లు అక్కడి నుంచి కదలరు.

బ్రైస్‌లో రెండో రోజు ఒక పూట హైవే 12 మీద ఎస్కలాంటే దాటి బౌల్డర్ అనే చిన్న ఊరి దాకా వెళ్లి రండి, ఒకచోట రోడ్డు కొండ వెన్ను మీద నుంచి పోతుంది, రెండు పక్కలా లోయే. చీకటి పడేలోపు వచ్చేయాలి, సాయంత్రమైతే జింకలు రోడ్డుకి అడ్డంగా వచ్చేస్తాయి, ఆవులు కూడా కంచె లేకుండా తిరుగుతుంటాయి.

తిండి సంగతి. ఈ చిన్న ఊళ్లలో వెజిటేరియన్ అంటే చీజ్ పిజ్జా, ఫ్రైస్, సలాడ్, రెండు రోజులకే పెద్దవాళ్లకి నోరు చచ్చిపోతుంది. చిన్న రైస్ కుక్కర్, బియ్యం, పెసరపప్పు, పచ్చళ్లు, పొడులు డాలస్ నుంచే తెచ్చుకోండి, పెరుగు అక్కడ కొనండి, వంటగది ఉన్న రూములు చూసి బుక్ చేయండి. మొదటి రెండు రోజులకి పులిహోర, చపాతీలు చాలు. బ్రైస్ ఎత్తులో నీళ్లు 100 డిగ్రీల సెల్సియస్‌కి కాదు, 92 దగ్గరే మరుగుతాయి, అందుకని అన్నం పలుకుగా ఉండిపోతుంది, బియ్యం అరగంట ముందు నానబెట్టి ఒక కప్పు నీళ్లు ఎక్కువ పోయండి, పప్పైతే ఆ ఎత్తులో రైస్ కుక్కర్‌లో ఉడకటం చాలా కష్టం. మధ్యాహ్నం రూముకొచ్చి అన్నం తినడం అనేది ఎండ తప్పించుకోవడానికి కూడా పనికొస్తుంది, రెండూ ఒకే పనిలో అయిపోతాయి.

బ్రైస్ నుంచి పేజ్ 150 మైళ్లు. యాంటిలోప్ క్యానియన్ అంటే వరద నీళ్లు రాతిని కోసి చేసిన ఇరుకు సందు, అది నవాహో అనే ఆదివాసీ తెగ వాళ్ల భూమి, నేషనల్ పార్క్ కాదు, అక్కడ పార్క్ పాస్ చెల్లదు, నవాహో గైడ్ టూర్ బుక్ చేసుకునే వెళ్లాలి. లోయర్ యాంటిలోప్‌లో నిటారు ఇనప నిచ్చెనలు దిగాలి, అమ్మగారికి వద్దు. అప్పర్‌లో లోపలి నడక చదునుగానే ఉంటుంది, మెట్లు ఎక్కడెక్కడున్నాయో టూర్ వాళ్లని అడిగి, ఆవిడ మోకాళ్ల సంగతి ముందే చెప్పి బుక్ చేయండి. టైమ్ దగ్గర జాగ్రత్త, అరిజోనా గడియారం మార్చదు, పక్కనున్న ఉటా మారుస్తుంది, నవాహో నేషన్ కూడా మారుస్తుంది, మీ ఫోన్ ఏ టవర్ పట్టుకుంటే ఆ టైమ్ చూపిస్తుంది. యాంటిలోప్ టూర్లు పేజ్ ఊరి టైమ్ ప్రకారం నడుస్తాయి, ఫోన్‌లో ఆటోమేటిక్ టైమ్ ఆపేసి ఫీనిక్స్ టైమ్ పెట్టేయండి.

మాన్సూన్ గురించి చెప్తానన్నా కదా. 1997 ఆగస్ట్ 12న లోయర్ యాంటిలోప్‌లో వరద వచ్చి 11 మంది పోయారు. వాన వాళ్ల నెత్తిమీద కాదు, మైళ్ల అవతల పడింది. ఈ నేల రాయి, నీళ్లు ఇంకవు, ఎక్కడో పడ్డ వాన అంతా సందుల్లోకి చేరి గోడలా వస్తుంది. అందుకే టూర్ వాళ్లు వాతావరణం బాలేదని క్యాన్సిల్ చేస్తే బతిమాలొద్దు, ఆకాశం నీలంగానే ఉంది కదా అనొద్దు. రోడ్డు మీద నీళ్లు పారుతుంటే ఎస్‌యూవీ కదా అని దాటొద్దు, గంటో రెండు గంటలో ఆగితే తగ్గిపోతుంది.

పేజ్‌లో హార్స్‌షూ బెండ్ (గుర్రపు నాడాలా తిరిగిన కొలరాడో నది మలుపు) పోనురాను ఒకటిన్నర మైలు, నీడ తక్కువ, పొద్దున్నే వెళ్లండి, అమ్మగారికి ఇబ్బందనిపిస్తే డ్యామ్ దగ్గర వ్యూపాయింట్ చాలు.

పేజ్ నుంచి గ్రాండ్ క్యానియన్‌కి కామెరన్ మీదుగా తూర్పు గేట్ నుంచి వస్తారు, మొదట తగిలేది డెజర్ట్ వ్యూ, 1932లో కట్టిన రాతి టవర్ ఉంటుంది అక్కడ. చాలామంది మ్యాథర్ పాయింట్‌కి పరిగెత్తుతారు, డెజర్ట్ వ్యూ దగ్గరైతే కింద కొలరాడో నది కూడా బాగా కనిపిస్తుంది. నాన్నగారు గండికోట చూసి ఉంటే పోల్చకుండా ఉండరు, పోల్చనివ్వండి, అక్కడ పెన్న చేసిన పనే ఇక్కడ కొలరాడో చేసింది, కాకపోతే ఇక్కడ లోతు దాదాపు ఒక మైలు. అమ్మగారికి యవపాయ్ పాయింట్ దగ్గరున్న జియాలజీ మ్యూజియం చూపించండి, పెద్ద పెద్ద అద్దాల కిటికీల్లోంచి క్యానియన్ అంతా చల్లగా లోపల నుంచి చూడొచ్చు. అంచు దగ్గర చాలాచోట్ల రెయిలింగ్ ఉండదు, పాప చెయ్యి ఎవరో ఒకరు పట్టుకునే ఉండాలి, ఆ "ఎవరో ఒకరు" ఎవరన్నది ఫొటో తీసే ముందే తేల్చుకోండి. ఉడతలు దగ్గరికొస్తాయి, పాప తిండి పెట్టబోతుంది, పెట్టనివ్వొద్దు, కరుస్తాయి. ఉటా వైపు కూడా బాట వదిలి నేల మీద తొక్కనివ్వకండి, ఇసక మీద నల్లగా, గరుగ్గా, బుడిపెలు బుడిపెలుగా కనిపించేది మట్టి కాదు, ప్రాణమున్న పొర, ఇసుక గాలికి ఎగిరిపోకుండా పట్టి ఉంచేది అదే. ఒక్క అడుగు పడితే మళ్లీ మామూలవడానికి దశాబ్దాలు పడుతుంది.

పాస్ విషయం చాలామంది అడుగుతారు. 2026 జనవరి నుంచి యాన్యువల్ పాస్ ఇక్కడ రెసిడెంట్స్‌కి 80 డాలర్లు, బయటి దేశాల వాళ్లకి 250. పాస్ లేకుండా వచ్చే బయటి దేశాల వాళ్లు 16 ఏళ్లు నిండితే మామూలు టికెట్ కాకుండా మనిషికి ఇంకో 100 డాలర్లు కట్టాలి, ఇది 11 పార్కుల్లో ఉంది, అందులో జాయన్, బ్రైస్, గ్రాండ్ క్యానియన్ మూడూ ఉన్నాయి. పేరెంట్స్ విజిటర్ వీసా మీద ఉన్నారు కాబట్టి ఈ రూల్స్ పార్క్ సైట్‌లో చదివి, మీ ఐడీ, వాళ్ల పాస్‌పోర్టులు చేతిలో పెట్టుకునే బయల్దేరండి. 62 దాటినవాళ్లకి చవగ్గా వచ్చే సీనియర్ పాస్ సిటిజన్లకి, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకే, విజిటర్లకి రాదు.

కారుకి సంబంధించి రెండే మాటలు. ట్యాంక్ సగానికి వస్తే పంప్ కనపడ్డచోట నింపేయండి, ధర చూడొద్దు. సిగ్నల్ గంటలు గంటలు ఉండదు, మ్యాప్ ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి, అది షార్ట్‌కట్ అని మట్టి రోడ్డు చూపిస్తే మాత్రం వినొద్దు, రెంటల్ అగ్రిమెంట్లలో మామూలుగా మట్టి రోడ్లకి పర్మిషన్ ఉండదు కూడా.

మోఆబ్ ఎప్పుడు చూడాలంటే, ఇంకో ఏడాది వసంతంలో గ్రాండ్ జంక్షన్‌కి ఫ్లైట్‌లో వెళ్లి, అక్కడి నుంచి రెండు గంటల్లోపు డ్రైవ్, నాలుగు రోజులు పెట్టుకుని ఆర్చెస్, క్యానియన్‌ల్యాండ్స్, తిరిగొచ్చేలోపు క్యాపిటల్ రీఫ్. డెత్ వ్యాలీ నవంబర్ నుంచి మార్చి లోపల, వేగాస్ నుంచి రెండు గంటల పైచిలుకే, జబ్రిస్కీ పాయింట్‌లో పొద్దుపొడుపు, సముద్రమట్టానికి 282 అడుగుల కిందున్న బ్యాడ్‌వాటర్ ఉప్పు మైదానం, సాయంత్రానికి ఇసక తిన్నెలు. పేరెంట్స్ వచ్చే ఏడాది చలికాలంలో వస్తే అప్పుడు పెట్టుకోండి.

టికెట్లు ఇప్పటికే కొనేశాం, జులై మారదు అంటే, జాయన్‌ని ఒక్క పూటకి కుదించి (తెల్లారి మొదటి బస్సు, 10:30కి బయటికి), పేజ్ తీసేసి, మిగతా రాత్రులన్నీ ఎత్తు మీదే పెట్టండి: బ్రైస్‌లో 3, గ్రాండ్ క్యానియన్ సౌత్ రిమ్‌లో 3. సౌత్ రిమ్ కూడా 7,000 అడుగుల దగ్గర ఉంటుంది, జులైలో పగలు ఎండ ఉన్నా తట్టుకోవచ్చు, సాయంత్రాలు హాయిగా ఉంటాయి. బ్రైస్ వెళ్లే ముందో తర్వాతో సీడర్ బ్రేక్స్ అని 10,000 అడుగుల పైనున్న చోటు ఉంది, బ్రైస్ లాంటి రంగులే, జనం తక్కువ, జులైలో పువ్వులు కూడా ఉంటాయి, నాన్నగారికి ఆయాసం రాకపోతే ఒక గంట అక్కడ గడపొచ్చు. జులై 4 వారానికి గ్రాండ్ క్యానియన్ లోపలి రూములు ఇప్పుడు దొరకడం కష్టం, క్యాన్సిలేషన్ల కోసం రోజూ పొద్దున ఒకసారి సైట్ చూస్తుండండి, ఈలోగా గేట్ బయటున్న టుసయాన్‌లో ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్న రూమ్ ఒకటి పట్టి పెట్టుకోండి.